వైజాగ్ కురుపాం మార్కెట్ దగ్గర బోర్డు లేని షాపు: కొలత తీసి మరీ స్టడ్ చేసిచ్చారు

చెవి పై అంచు (హెలిక్స్) గానీ, చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె (ట్రాగస్) గానీ, ముక్కు గానీ కుట్టించుకుని, పుండు మానిపోయి, కానీ వేసుకున్న స్టడ్ సరిగ్గా కూర్చోక రోజూ ఇబ్బంది పడుతున్న వాళ్ల కోసం ఈ రివ్యూ రాస్తున్నా. కొత్తగా కుట్టించుకునే వాళ్లు ఈ షాపుకి వెళ్లకండి, ఇక్కడి కంసాలి ఆచారిగారు కుట్టరు, ఆయనే చెప్తారు ఆ మాట.

ముందు నా కథ కొంచెం చెప్పాలి, లేకపోతే నేను ఒక అరగ్రాము స్టడ్ గురించి ఇంత ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు. రెండేళ్ల కిందట మన సిటీలోనే ఒక ఫ్యాన్సీ షాపులో చెవి కుట్టే గన్‌తో హెలిక్స్ కొట్టించుకున్నా. గన్‌లో వచ్చే స్టడ్ అందరికీ ఒకటే పొడుగు, అది చెవి తమ్మె కోసం చేసింది, పైన మృదులాస్థి దగ్గర కొడితే వాపు వచ్చాక దానికి చోటే ఉండదు. మూడో రోజుకి వెనకాల బిగించే సీతాకోకచిలక ఆకారపు బిళ్ల చర్మంలోకి దిగిపోయింది. జ్వరం, చెవి మొత్తం ఎర్రగా, డాక్టర్ దగ్గరికెళ్తే మత్తిచ్చి తీశారు. షాపు వాళ్లని అడిగితే "మీ బాడీకి పడలేదు మేడమ్" అన్నారు. పడకపోవడం ఏంటండీ, పొడుగు చాలలేదు అంతే, కానీ ఆ మాట అప్పుడు నాకు తెలీదు.

ఆర్నెల్ల తర్వాత హైదరాబాద్‌లో పని ఉండి వెళ్లినప్పుడు సూదితో కుట్టే స్టూడియోలో మళ్లీ కుట్టించుకున్నా. వాళ్లు వేసింది టైటానియం, వెనకాల చదును బిళ్ల ఉండే లాబ్రెట్, 16 గేజ్ (గేజ్ అంటే కాడ లావుకి వాడే నంబరు), 8 ఎంఎం పొడుగు. ఇంత పొడుగేంటి అని అడిగితే వాపుకి చోటు కావాలి, ఆరెనిమిది వారాలయ్యాక వచ్చి పొట్టిది మార్పించుకోండి అన్నారు. నేను వైజాగ్ వచ్చేశా, మళ్లీ వెళ్లడం కుదర్లేదు. దాంతో ఆ పొడుగు స్టడ్డే ఏడాది పైన ఉండిపోయింది. దువ్వెన పడుతుంది, తువ్వాలు పడుతుంది, చున్నీ పడుతుంది, పడుకుంటే ఒక పక్కకి ఒరుగుతుంది, అలా ఒరిగి ఒరిగి వెనకాల చిన్న బుడిపె లేచింది. చాలామంది బుడిపె చూసి ఇన్ఫెక్షన్ అనుకుని ఏదో ఒకటి పూసేస్తుంటారు, నేనూ పూశా, నా విషయంలో మాత్రం అసలు కారణం ఆ రెండు ఎంఎంల అదనపు పొడుగే.

సరే ఆన్‌లైన్‌లో పొట్టిది తెప్పిద్దామని చూశా. మొదటిసారి 18 గేజ్ పెట్టా, 16 కన్నా 18 లావు కదా అనుకుని. వచ్చింది చూస్తే సన్నగా పుల్లలా ఉంది, రంధ్రంలో ఆడుతుంది. రెండోసారి జాగ్రత్తగా 16 గేజే, 6 ఎంఎం అని రాసున్నది తెప్పించా, అది అసలు మూతే పడలేదు. ఎందుకంటే ఆ అమ్మినవాడు బిళ్ల, గుండు అన్నీ కలిపి ఈ చివర నించి ఆ చివరకి 6 అని రాశాడు, చెవికి మిగిలింది నాలుగు కూడా లేదు. రిటర్న్ కూడా తీసుకోలేదు, చెవిలో పెట్టే వస్తువు కాబట్టి తీసుకోరు, అందులో తప్పు లేదు. కానీ ఎక్కడ నించి ఎక్కడికి కొలిచారో ఒక్క ముక్క రాసుంటే చాలు కదా.

ఇంక ఈ షాపు సంగతి. అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్తుంటే తోడెళ్లా, దర్శనం అయ్యాక "ఆచారిగారి కాడికి ఓపాలి వెళ్దామే, నా ముక్కు పుడక శీల వదులైపోయింది" అంది. కురుపాం మార్కెట్ పక్క సందుల్లో ఒక మెట్టెక్కితే చిన్న గది, బోర్డు లేదు, బయట చెక్క బల్ల, లోపల టేబుల్ లైటు కింద పెద్దాయన. అమ్మ పెళ్లి నగలప్పటి నించీ ఆయనే చేస్తారట. నేను ఊరికే కూర్చున్నా, ఆయనే నా చెవి చూసి "అదేటి పాప, అంత పొడుగు పెట్టుకున్నావు, రాత్రి గుచ్చుకోదా" అని అడిగారు. ఆ పొడుగు స్టడ్ పెట్టుకున్నప్పటి నించీ ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

చేతులు కడుక్కొచ్చి నా స్టడ్ నన్నే తియ్యమన్నారు, స్పిరిట్ దూదితో తుడిచి, కాడ లావు కొలిచే మైక్రోమీటర్‌లో పెట్టారు. 1.2 ఎంఎం. అప్పుడు నేను నా 18 గేజ్ గోల చెప్పా. ఆయన సొరుగులోంచి ఒక ఇనప పలక తీశారు, వరసగా రంధ్రాలు, ఒకదాని కన్నా ఒకటి సన్నం, తీగ లాగేది, కమ్మచ్చు అంటారు. తీగని మొదటి రంధ్రంలోంచి లాగితే ఒకటో నంబరు, మళ్లీ దాని పక్క సన్న దాంట్లోంచి లాగితే రెండు, అలా ఎన్నిసార్లు లాగితే అంత సన్నం, నంబరు అంత పెద్దది. గేజ్ నంబర్లు తలకిందులుగా ఉండటం వెనక ఉన్నది ఇదే. ఎన్ని వీడియోలు చూసినా నా బుర్రకి ఎక్కనిది ఆ పలక మీద వేలు పెట్టి చూపిస్తే అర నిమిషంలో ఎక్కింది.

ఇంకో విషయం కూడా చెప్పారు, ఇది చాలా ముఖ్యం. బయట తీగలకి వాడే గేజ్ లెక్క ఒకటి కాదు. హార్డ్‌వేర్ షాపులో కనపడే ఎస్‌డబ్ల్యూజీ అనేది బ్రిటిష్ లెక్క, పియర్సింగ్ నగలు వచ్చేది అమెరికా లెక్కలో. 18 అంటే పియర్సింగ్‌లో 1.0 ఎంఎం, అదే 18 ఎస్‌డబ్ల్యూజీలో 1.2 ఎంఎం. 16 అంటే పియర్సింగ్‌లో 1.2, ఎస్‌డబ్ల్యూజీలో 1.6. అంటే కంసాలి దగ్గరికెళ్లి "16 గేజ్‌లో చెయ్యండి" అని నోటితో చెప్తే ఆయన తన లెక్కలో 1.6 తీగ వేసేస్తే అది మీ రంధ్రంలో దూరదు. అందుకే నంబరు చెప్పడం మానేసి ఎంఎం చెప్పండి. గుర్తు పెట్టుకోవడానికి పియర్సింగ్ లెక్క రాస్తున్నా: 20 అంటే 0.8, 18 అంటే 1.0, 16 అంటే 1.2, 14 అంటే 1.6. ముక్కుకి మామూలుగా 0.8 లేదా 1.0 ఉంటుంది, చెవి పైభాగానికి 1.0 లేదా 1.2, బొడ్డుకి, నాలుక్కి 1.6. కుట్టినవాడు వేరేది వేసుండొచ్చు, కాబట్టి మీది మీరు కొలుచుకోవాల్సిందే.

తర్వాత చెవి మందం. కాలిపర్ తెచ్చారు, డిజిటల్‌ది, దాని రెండు దవడలూ చెవికి ముందు ఒకటి వెనక ఒకటి ఆనీ ఆననట్టు పెట్టారు. నేను బిగుసుకుపోయి కూర్చుంటే "వదులుగా ఉండమ్మా, నొక్కట్లేదు" అన్నారు. మూడుసార్లు తీశారు, 5.1, 5.3, 5.2. నేను సరదాగా కొంచెం నొక్కి చూశా, 4.4 వచ్చేసింది. "చర్మం దూది లాంటిది పాప, నొక్కితే నువ్వు ఎంత చెప్పమంటే అంత చెప్తాది" అన్నారు. ఇంట్లో కొలుచుకునే వాళ్లు ఎక్కువమంది చేసే తప్పు ఇదే అనుకుంటా, నొక్కి కొలిచి పొట్టిది తెప్పించుకుని మళ్లీ బిళ్ల లోపలికి దిగిందని ఏడవడం.

మందం వచ్చాక ఆయన అడిగిన ప్రశ్నలు చూడండి. ఆ పక్కకి తిరిగి పడుకుంటావా? ఎండాకాలం ఉంగరాలు బిగుతవుతాయా? హెల్మెట్ పెడతావా? మన వైజాగ్ ఉక్కపోతకి ఒళ్లు కొద్దిగా ఉబ్బడం అందరికీ తెలిసిందే, పొద్దున కొలతా సాయంత్రం కొలతా ఒకటి ఉండవు, అందుకని ఆ మరుసటి రోజు సాయంత్రం మళ్లీ రమ్మన్నారు. సాయంత్రం 5.4 ఉంది. దాని మీద అర ఎంఎం పైచిలుకు గాలి ఆడటానికి కలిపి 6 ఎంఎం అని ఫిక్స్ చేశారు. ఈ 6 అనేది చదును బిళ్ల లోపలి అంచు నించి గుండు లోపలి అంచు దాకా, అంటే చెవి ఉండే ఖాళీ మాత్రమే, గుండు బిళ్ల కలపకూడదు. కాగితం మీద బొమ్మ గీసి బాణం గుర్తులతో రాసి నా చేత చూపించుకుని మరీ మొదలెట్టారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

ఇంక బంగారం గురించి. నేను 22 క్యారెట్ అనుకుని వెళ్లా, ఆయన కాడని 18 క్యారెట్‌లో చేద్దామన్నారు. 1.2 ఎంఎం కాడ 22లో చేస్తే మెత్తగా ఉండి వంగుతుంది, మరలు అరిగిపోతాయి, 18 అంటే నూటికి 75 పాళ్లు బంగారం, మిగతాది గట్టిదనానికి. ఆ మిగతా పాతిక ఏంటి అని అడిగా, ఎందుకంటే నికెల్ నాకు పడదు, పాత వాచీ బెల్టుకే దురద వచ్చేది. రాగి, వెండి మాత్రమే అన్నారు, తెల్ల బంగారం అయితే నికెల్ ఉండొచ్చు దాని జోలికి వెళ్లొద్దన్నారు. అతుక్కి కేడీఎం వాడరా అని కూడా అడిగా, అంటే కాడ్మియం, వాడరట, ఎప్పుడో మానేశారట. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోండి, రెండు గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, ముక్కు పుడకలు, ఇలాంటి స్టడ్‌లు అన్నీ రెండు గ్రాముల లోపే ఉంటాయి, కాబట్టి మనిషి మీద నమ్మకం, బిల్లు మీద క్యారెట్ రాయించుకోవడం ముఖ్యం. ఆయన చిన్న పుస్తకంలో రాసి చించి ఇచ్చారు. తూకం నా ఎదురుగానే, 0.44 గ్రాములు. తరుగు వేయలేదు, మజూరీ 700 తీసుకున్నారు. ఈ సైజు పనికి అది ఎక్కువ అని కొంతమంది అంటారేమో, నేను అనను.

నాలుగు రోజుల్లో ఇచ్చారు. మర విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మన మామూలు పుడకలకి కాడ మీద మరలు ఉంటాయి, పెట్టుకునేప్పుడు ఆ మర రంధ్రంలోంచి గీసుకుంటూ వెళ్తుంది. మంచి పియర్సింగ్ నగల్లో మర లోపల ఉంటుంది, లేకపోతే మరే లేకుండా నొక్కి పెట్టే పిన్ను ఉంటుంది. ఈయన చేత్తో 1.2 కాడ లోపల మర కొయ్యలేనని చెప్పేశారు, చెయ్యలేనిది చెయ్యలేనని చెప్పడం నాకు నచ్చింది. బదులుగా చివరి రెండు ఎంఎం మాత్రం కాడని సన్నం చేసి దాని మీద మర కోశారు, అంటే మర పళ్లు మిగతా కాడ కన్నా పైకి లేవవు. వేలితో నిమిరి చూశా, ఎక్కడా పట్టలేదు. పెట్టుకున్నాక అద్దంలో చూస్తే చెవికీ బిళ్లకీ మధ్య తెల్ల కాగితం రెండు మడతలు దూరేంత సందు. అంతే ఉండాలి. దువ్వెన పట్టడం ఆ రోజుతో పోయింది, బుడిపె ఐదు వారాలకి చదునైపోయింది.

అమ్మది చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తవదు. అమ్మ పుడక ముప్ఫై ఏళ్ల నాటిది, ఏడు రాళ్లది, శీల తిప్పే రకం. "పుడకకి కొలతేటి, అందరి ముక్కూ ఒకటే కదా" అని ఆవిడ ముందు కొలవనివ్వలేదు. ఆచారిగారు పుడక తీయించి కాడ కొలిస్తే రాయి కింద నించి శీల దాకా 9 ఎంఎం పైనే ఉంది, అమ్మ ముక్కు రెక్క మందం నాలుగున్నర. అంటే మిగతాదంతా ముక్కు లోపల వేలాడుతూ మధ్య గోడకి తగులుతుంది. అమ్మకి జలుబు చేస్తే ఆ పక్క రక్తం రావడం చిన్నప్పటి నించీ చూస్తున్నా, పొడి గాలి అనుకునేవాళ్లం. కాడని ఆరుకి తగ్గించి, శీలని పలచటి బిళ్లలా మార్చారు, రాళ్లు ముట్టుకోలేదు. అమ్మ ఇంటికొచ్చి మొహం కడుక్కుని తువ్వాలుతో ఇష్టమొచ్చినట్టు తుడుచుకుంటుంటే చూశా. ఇన్నాళ్లూ ఆవిడ ముక్కు ఆ పక్కని వేలు అడ్డం పెట్టుకుని తుడుచుకునేదని నేను అప్పుడే గమనించా.

ఇది చూశాక నేను కూడా ఒక డిజిటల్ కాలిపర్ కొన్నా, ప్లాస్టిక్‌ది, ఐదొందల లోపు. ప్లాస్టిక్ దవడలు మెత్తగా ఉంటాయి కాబట్టి ఒంటికి మంచిదే, కాడ మందం కొలవడానికి మాత్రం 0.1 అటూ ఇటూ చూపిస్తుంది, 0.8కీ 1.0కీ తేడా పట్టుకోవాలంటే మూడు నాలుగు సార్లు కొలవండి, వాడే ముందు దవడలు మూసి సున్నా నొక్కండి. కాలిపర్ లేకపోతే నెట్‌లో స్కేల్ ప్రింట్ తీసుకుని కొలిచే వాళ్లున్నారు, ప్రింటర్ దాన్ని కుదించేస్తుంది, అందుకని ముందు ఆ స్కేల్ మీద ఏటీఎం కార్డు పెట్టి చూడండి, కార్డు పొడుగు 85.6 ఎంఎం ఉండాలి, లేకపోతే ఆ కాగితం పారేయండి.

రింగు కావాలనుకునే వాళ్లకి లెక్క వేరు. రింగు సైజు అంటే లోపలి వ్యాసం, బయటిది కాదు. మీ రంధ్రం నించి చెవి అంచు దాకా గానీ ముక్కు అంచు దాకా గానీ ఎంత దూరమో కొలిచి, రింగు లోపలి వ్యాసం దానికన్నా బాగా ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. నా ముక్కుకి అంచు దూరం 6 ఎంఎం, నేను 8 ఎంఎం నత్తు చేయించుకున్నా, ఒంటికి దగ్గరగా ఉంది కానీ నొక్కట్లేదు. ఫొటోల్లో బిగుతుగా చర్మానికి అంటుకున్నట్టు ఉన్నది చూసి 7 అడిగా, ఆయన ఒప్పుకోలేదు, రింగు మరీ చిన్నదైతే వంపు రంధ్రాన్ని రెండు పక్కలా లాగుతుంది అన్నారు.

మా పిన్నికూతురు బొడ్డుది వంపు కడ్డీ, దాన్ని వంపు వెంట దారం పెట్టి కొలిచి ఆర్డర్ పెట్టింది, అది తప్పు. వంపు కడ్డీని కూడా ఒక గుండు నించి ఇంకో గుండుకి తిన్నగా గీత గీసినట్టే కొలుస్తారు. పైగా బొడ్డుకి నిలబడి కొలవాలి, కూర్చుని కూడా ఒకసారి చూడాలి, కూర్చుంటే మడత పడి వేరే కొలత వస్తుంది. ఇంచీల్లో రాసున్న సైట్లలో 1/4 అంటే 6.4 ఎంఎం, 5/16 అంటే 8 ఎంఎం దగ్గర, 3/8 అంటే తొమ్మిదిన్నర, దాన్నే చాలామంది 10 అని రాసేస్తారు, బిగుతు కొలతలో ఈ అర ఎంఎం తేడా తెలుస్తుంది.

ఇక నచ్చనివి. పైన చెప్పినట్టు లోపలి మర చెయ్యలేరు. టైటానియం అసలు లేదు, కొత్త పుండుకైతే ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం, అంటే ఎఫ్136 అని రాసున్నది కావాలి, అది స్టూడియోల్లోనే అడగండి, ఇక్కడ దొరకదు. వస్తువు ఇచ్చేటప్పుడు స్పిరిట్‌తో తుడిచి ఇస్తారు కానీ స్టెరిలైజ్ చేసే మెషీన్ లేదు, కాబట్టి మానిన రంధ్రానికే వేసుకోండి, నేనైతే ఇంటికొచ్చి సబ్బు నీళ్లతో కడిగి సెలైన్‌తో తుడిచాకే పెట్టుకున్నా. ఇంకోటి, పాత స్టడ్ తీసి కొత్తది చేసేదాకా రంధ్రం ఖాళీగా ఉంచకండి, చెవి పైభాగం గంటల్లోనే బిగుసుకుపోవచ్చు. ఆయన కొలిచేసి వెంటనే పాతది పెట్టేసుకోమన్నారు. ఎప్పుడో మా మామ్మ చెవి పైన పెట్టుకునే బావిలీలు తీసి రాత్రి చీపురు పుల్ల పెట్టుకునేదని అమ్మ చెప్తుంది, ఎందుకో ఇప్పుడు తెలిసింది. పుల్ల మాత్రం మీరు పెట్టకండి.

క్రెడిట్ కార్డు తీసుకోరు, ఫోన్‌పే ఉంది. ఫొటో చూపించి ఇలాంటిదే కావాలంటే చేస్తారు కానీ పాత స్టడ్ లేకుండా వెళ్తే కొలత లేకుండా చెయ్యను పొమ్మంటారు, కోపం తెచ్చుకోకండి. బండి పెట్టుకోవడానికి చోటు ఉండదు, పూర్ణా మార్కెట్ వైపు ఎక్కడైనా పెట్టి నడిచి రండి. మధ్యాహ్నం ఒంటిగంట నించి నాలుగు దాకా తలుపు వేసేస్తారు, కొలతకి సాయంత్రం ఐదు తర్వాత వెళ్లడమే మంచిది. మార్గశిర మాసం గురువారాలు మాత్రం ఆ వైపు అడుగు పెట్టలేరు, గుడి జనంతో సందులన్నీ నిండిపోతాయి, ఆయన కూడా ఆ రోజు పని ముట్టుకోరు.